పాట అమ్మాల్నా, కౌలుకియ్యాల్నా, సొంతంగా వేసుకోవాల్నా?

వారానికి ఒక్కరన్నా ఫోన్ చేసి అడిగే ముచ్చట ఇది. "అన్నా పాట రెడీ అయింది, ఫలానా ఛానలోళ్ళు గంపగుత్తగా ఇంత ఇస్తమంటున్నరు, ఇచ్చెయ్యాల్నా, మన ఛానల్లో వేసుకోవాల్నా?" ఫోన్లో రెండు నిమిషాల్లో చెప్పే జవాబు కాదిది. పాటని బట్టి మారుతది, మనిషిని బట్టి మారుతది, ఇంట్ల పొయ్యి ఎట్ల వెలుగుతున్నదో దాన్ని బట్టి గూడ మారుతది. అందుకే ఇయ్యాల కూసోని మొత్తం రాస్తున్న. మాది కరీంనగర్ సైడు, పాటలు రాస్తా, పాడతా, పదకొండేండ్లయింది, ఇల్లు దీని మీదనే గడుస్తున్నది. సినిమా పాటల లెక్క వేరు, నేను చెప్పేది ప్రైవేట్ సాంగ్స్, జానపదాలు, పండుగ పాటలు, లవ్ ఫెయిల్యూర్ పాటలు సొంతంగా చేసుకునేటోళ్ళ గురించి.

భూమి ఉన్నోనికి మూడు దార్లుంటయి. అమ్ముకోవచ్చు, కౌలుకియ్యొచ్చు, తనే దున్నుకోవచ్చు. పాటకి గూడ ఇవే మూడు. ఇవి గాక కూలి ఒకటి ఉంటది, అంటే స్టేజి ప్రోగ్రాములు, సినిమా ట్రాకులు (అసలు సింగర్ పాడకముందు నమూనాకి పాడేటియి) పాడుడు. అది చివర్లో చెప్తా, కానీ మిగతా మూడింటిని బతికిచ్చేది అదే అని ముందే గుర్తు పెట్టుకోండి.

అమ్ముడు

నా మొదటి పాట నేను ఒక ఛానల్‌కి అమ్మిన. గోడలకి పాత పరుపులు కొట్టిన చిన్న రూములో రికార్డింగ్, ఫ్యాన్ సౌండ్ వస్తదని ఫ్యాన్ బంద్ చేసి ఎండకాలంల మధ్యాహ్నం పాడిన, రెండో చరణానికి వచ్చేసరికి అంగీ మొత్తం తడిసి ఒంటికి అతుక్కపోయింది. పదిహేను వేలు చేతిల పెట్టిన్రు, అప్పుడు అది నాకు పెద్ద పైసలు, అమ్మకి ఫోన్ చేసి చెప్పిన. వంద రూపాయల బాండ్ పేపర్ మీద "ఆడియో, వీడియో, ఇప్పుడున్న మరియు రాబోయే అన్ని మాధ్యమాలలో, ప్రపంచవ్యాప్తంగా, శాశ్వతంగా" అని రాసి ఉంది, నేను సంతకం పెట్టే జాగ చూసిన గాని ఆ లైన్ చదవలే. ఆ పాట తర్వాత మస్తు నడిచింది, మా పక్కూరి బరాత్‌లో డీజే బండి మీద ఇన్న. మూడేండ్లకి అదే పాటని నా గొంతుతోనే ఇంకో రకంగా పాడి నా సొంత ఛానల్లో పెడితే రెండో రోజు కాపీరైట్ స్ట్రైక్ పడ్డది, అంటే హక్కు మాదని వాళ్ళు ఫిర్యాదు చేస్తే యూట్యూబ్ వీడియో తీసేసింది. తప్పు వాళ్ళదని అంటలేను, కాగితంల అట్లనే ఉంది. కానీ ఆ రోజు కడుపుల ఎట్లైందో నాకు తెలుసు, అందుకే ఇది రాస్తున్న.

అట్లని అమ్ముడే తప్పు అని చెప్పను. అమ్మినప్పుడు షూటింగ్ ఖర్చు వాళ్ళది, డ్యాన్సర్లు, కెమెరా, డ్రోన్, ఎడిటింగ్ అన్నీ వాళ్ళే చూస్కుంటరు, పాట ఎవ్వరు చూడకుంటే ఆ నష్టం గూడ వాళ్ళదే. లక్షల సబ్‌స్క్రైబర్లు ఉన్న ఛానల్ల నీ ముఖం, నీ పేరు వస్తది, దాన్ని చూసి ప్రోగ్రాములకి పిలుస్తరు. కొత్తగా వచ్చినోళ్ళకి, పేరు తెల్వనోళ్ళకి ఒకటి రెండు పాటలు ఇట్ల పోవడం మంచిదే. ఇంట్ల అప్పు నెత్తి మీదున్నప్పుడు గూడ అమ్మండి, మొహమాటం ఏం లేదు. ఇగ అమ్మేటప్పుడు డిస్క్రిప్షన్లో పేరు ఎట్ల పడాలో ముందే రాపిచ్చుకోండి. సాహిత్యం ఎవరిది, సేకరణ ఎవరిది, గానం ఎవరిది, కోరస్ ఎవరు. ముసలమ్మ దగ్గర కూసోని నేర్చుకున్న పాటకి "రచన" అని తన పేరు ఏసుకునేటోళ్ళున్నరు, అది చెయ్యకండి, సేకరణ అని రాసి ఆ ఊరి పేరు, వీలైతే ఆ అవ్వ పేరు గూడ పెట్టండి.

చానా మందికి తెల్వని ముచ్చట ఒకటుంది. కాగితంల శాశ్వతంగా అని రాసినా మొత్తం పోదు. కాపీరైట్ చట్టానికి 2012లో సవరణ వచ్చింది, దాని ప్రకారం పాట రాసినాయనకి, ట్యూన్ కట్టినాయనకి రాయల్టీలో, అంటే పాట వాడినప్పుడల్లా వచ్చే పైసల్లో, వాటా హక్కు ఉంటది, కొన్నోళ్ళతో సమానంగ, అది రాసిచ్చినా చెల్లదు, వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికి ఇయ్యరాదు. ఆ పైసలు వసూలు చేసేది ఐపీఆర్ఎస్ అనే సొసైటీ, 1969 నుంచి ఉంది. కానీ మెంబర్ అయినోళ్ళకే వస్తయి, పాటల లిస్టు ఇచ్చుకుంటనే వస్తయి. సింగర్లకి ఇస్రా అని మొదలై ఇప్పుడు ఇసామ్రా అయిన సొసైటీ వేరే ఉంది. రాసేటోళ్ళు, ట్యూన్ చేసేటోళ్ళు మొదటి పాట బయటికి రాంగనే ఐపీఆర్ఎస్‌లో చేరండి, పాట అమ్మినా సరే, అమ్మకున్నా సరే.

కౌలు

దీని గురించే ఎవ్వరు అడగరు, నాకు మటుకు దీంట్లనే ఎక్కువ న్యాయం కనబడతది. కౌలు అంటే ఇన్నేండ్లకి మాత్రమే అని పాటని ఛానల్‌కి ఇచ్చుడు. మూడేండ్లో ఐదేండ్లో, తర్వాత పాట వాపస్ నాది. కొంత పైసలు ముందు ఇస్తరు, మిగిలింది నెలనెలా వచ్చే దాంట్ల వాటా. లేకపోతే వీడియో వాళ్ళకి, ఆడియో నాకు అని పంచుకోవచ్చు, అప్పుడు స్పాటిఫై, జియోసావన్, యాపిల్ మ్యూజిక్, ఇన్‌స్టా రీల్స్ లైబ్రరీ నుంచి వచ్చేది నాకొస్తది.

చట్టం గూడ ఇక్కడ మన దిక్కే ఉంది. అగ్రిమెంట్‌లో ఎన్నేండ్లు అని రాయకపోతే ఐదేండ్లే అని లెక్క, ఏ దేశాలకి అని రాయకపోతే ఇండియాకే అని లెక్క. అందుకే వాళ్ళు శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా అనే రెండు మాటలు పక్కాగా పెడతరు, మీరు గూడ ఆ రెండు మాటల దగ్గరే వేలు పెట్టి ఆగండి. ఇంకోటి, తీస్కున్నోళ్ళు ఏడాది దాకా ఆ హక్కు వాడుకోకపోతే, కాగితంల వేరేగా రాసి లేకపోతే, అది చెల్లకుండా పోతది. పాట తీస్కొని పక్కకి పడేసినోళ్ళ దగ్గర ఇరుక్కపోయినోళ్ళకి ఇది పనికొస్తది.

షేరింగ్‌లో ప్రాబ్లం ఒకటే, లెక్క. వాటా ఇస్తమంటరు గాని పాటకి ఎంతొచ్చిందో చూపెట్టరు. దానికి నేను అడిగేది ఇది: ప్రతి మూడు నెలలకి ఆ వీడియో రెవెన్యూ పేజీ స్క్రీన్ షాట్ వాట్సాప్‌ల పంపాలి, అది అగ్రిమెంట్‌ల లైన్ లెక్క రాయాలి. ఇస్తమన్నోళ్ళతోటి పని చేస్తా, నమ్మకం లేదా అని అడిగినోళ్ళకి మంచిగ నమస్తే పెట్టి వస్తా. మంచోళ్ళు గూడ ఉన్నరు, నిజంగా ఉన్నరు, ఒక చిన్న ఛానలాయన నేను అడగకముందే పంపుతడు, ఆయనకి నా మంచి పాటలే ఇస్తున్న.

సొంత సేద్యం

సొంత ఛానల్ అంటే అందరికి ఇష్టమే, కానీ మొదట ఎండకాలం ఉంటది. యూట్యూబ్‌లో యాడ్ పైసలు రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటల వాచ్ టైం, లేకపోతే 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ కావాలి. పెద్ద వీడియోల మీద వచ్చే యాడ్స్ ఆదాయంలో 55 శాతం మనది, షార్ట్స్‌లో మన వాటాకి పడ్డదాంట్ల 45 శాతం. యాడ్‌సెన్స్‌లో, అంటే ఆ యాడ్ పైసలు జమయ్యే గూగుల్ అకౌంట్‌ల, పది డాలర్లు కాంగనే ఇంటికి పిన్ నంబర్ ఉత్తరం వస్తది, ఊర్లల్లో అది పోస్టాఫీస్‌ల ఆగిపోతది, అడ్రస్‌ల ఇంటి నంబర్, పిన్ కోడ్ సరిగ్గా ఇచ్చి పోస్ట్‌మ్యాన్‌కి ముందే చెప్పి పెట్టండి, నాది రెండు సార్లు వాపస్ పోయింది. వంద డాలర్లు దాటితేనే బ్యాంకుల పడతయి.

ఇప్పుడు అసలు లెక్క. ఒక పాటకి మ్యూజిక్, మిక్సింగ్, షూటింగ్ అన్నీ కలిపి లక్ష రూపాయలు అయిందనుకుందాం. వెయ్యి వ్యూస్‌కి 20 రూపాయలు వస్తున్నయి అనుకుందాం, ఇది ఉత్తగ లెక్క కోసం చెప్తున్న, మీది ఎంతో మీ యూట్యూబ్ స్టూడియోలో ఆర్‌పీఎం దగ్గర కనబడతది. లక్ష వాపస్ రావాలంటే 50 లక్షల వ్యూస్ కావాలి. అదే పాటని మంచి ఆడియోతో, ఫోటోలతో లిరికల్ వీడియో లెక్క 15 వేలల్లో ముగిస్తే ఏడున్నర లక్షల వ్యూస్‌కి పైసలు వాపస్. చూసిన్రా తేడా? కొత్త తమ్ముళ్ళు అప్పు తెచ్చి డ్రోన్ షాట్లు తీస్తున్నరు, పదిమంది డ్యాన్సర్లని పెడుతున్నరు, పాట మాత్రం ఒక పూటల రాసింది. పైసలు గొంతు మీద, మిక్సింగ్ మీద పెట్టండి, వీడియో మీద కాదు. మొదటి ఐదారు పాటలకి లిరికల్ వీడియోలే చాలు అని నా గట్టి అభిప్రాయం, దీని మీద నాతో కొట్లాడేటోళ్ళున్నరు, అయినా మార్చుకోను.

అమెరికాలో ఉన్న మనోళ్ళు చూస్తే వెయ్యి వ్యూస్‌కి ఇక్కడికన్నా ఎక్కువ వస్తయి, బతుకమ్మ టైంల ఆ తేడా బాగా కనబడతది. కానీ అమెరికా వ్యూస్ మీద అక్కడి ట్యాక్స్ కట్ అయితది, యాడ్‌సెన్స్‌లో ట్యాక్స్ ఫారం నింపి ఇండియా ఒప్పందం సెలెక్ట్ చేస్తే ఆ భాగం మీద 15 శాతం, నింపకపోతే ఇంకా ఎక్కువ పోతది. పది నిమిషాల పని, ఇయ్యాలనే చేస్కోండి.

ఆడియో యాప్స్‌కి పోవాలంటే డిస్ట్రిబ్యూటర్, అంటే మన పాటని ఆ యాప్స్ అన్నిట్ల ఎక్కిచ్చే కంపెనీ, కావాలి. డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్ లాంటివి ఏడాదికి ఫీజు తీస్కొని ఎన్ని పాటలైనా వేయనిస్తయి, పాటలు ఎక్కువ చేసేటోళ్ళకి మంచిది, కానీ ఫీజు కట్టుడు ఆపితే పాటలు యాప్స్ నుంచి దిగిపోయే ప్రమాదం ఉంది, ప్లాన్ చదువుకోండి. సీడీ బేబీల ఒక్కో రిలీజ్‌కి ఒక్కసారి ఫీజు కడితే సరిపోతది, వచ్చేదాంట్ల 9 శాతం తీసుకుంటది. రూట్‌నోట్‌ల ఫ్రీగా వేయొచ్చు, 15 శాతం వాళ్ళకి. ఏడాదికి రెండు మూడు పాటలే చేసేటోళ్ళు ఫ్రీది తీస్కోండి, నెలకి ఒకటి చేసేటోళ్ళు ఏడాది ప్లాన్ తీస్కోండి, దీనికి అంత ఆలోచన అక్కర్లేదు. స్పాటిఫైలో ఒక పాటకి గడిచిన 12 నెలల్లో 1000 స్ట్రీమ్స్ రాకపోతే ఆ పాటకి పైసలే రావు, 2024 నుంచి ఆ రూల్ పెట్టిన్రు, కాబట్టి ఇరవై పాటలు ఒక్కసారి పోసేసుడు కన్నా ఒక్కొక్క పాటని నడిపిచ్చుకుంట పోవడం నయం. నన్నడిగితే మన జానపదం వినేటోళ్ళు యూట్యూబ్‌లనే ఉన్నరు, ఆడియో యాప్స్ మీద ఇల్లు గడవదు. అయినా ఎందుకు వేయాలంటే అట్ల పోతేనే ఇన్‌స్టా లైబ్రరీల పాట ఉంటది, జనాలు రీల్స్ చేస్తరు, రీల్ చూసి యూట్యూబ్‌కి వస్తరు.

కంటెంట్ ఐడీ జాగ్రత్త, అంటే యూట్యూబ్‌ల ఎవరి వీడియోల మీ పాట ఉన్నా గుర్తుపట్టి అది మీదని క్లెయిమ్ వేసే ఏర్పాటు. డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఆ ఆప్షన్ ఆన్ చేస్తే మీ పాటని ఎవరు వాడినా ఆ యాడ్ పైసలు మీకొస్తయి, మంచిదే, కానీ మీ సొంత ఛానల్‌కి గూడ క్లెయిమ్ పడతది, ముందే మీ ఛానల్‌ని మినహాయింపు లిస్టుల పెట్టమని చెప్పండి. నెట్‌ల కొన్న బీట్ (రెడీమేడ్ మ్యూజిక్) మీద పాడితే ఇది ఆన్ చేయొద్దు, అదే బీట్ ఇంకో వందమంది దగ్గర ఉంటది, అందరికి క్లెయిములు పోయి మీ అకౌంటే బంద్ అయ్యే ప్రమాదం ఉంది. సినిమా పాటల కవర్లు గూడ అంతే, వ్యూస్ మీవి, పైసలు ఆడియో కంపెనీవి, గొంతు చూపెట్టుకోవడానికి రెండు మూడు చేస్తే చాలు.

ఏ పాటని ఏ దారిన పంపాలి

ఇదే నేను చెప్పాలనుకున్న అసలు ముచ్చట. పాటల్లో రెండు రకాలు. ఒకటి ఒక్క పంట పాట, లవ్ ఫెయిల్యూర్ సాంగ్, ట్రెండ్ల ఉన్న డీజే సాంగ్, ఎవరిదో డైలాగ్ మీద కట్టింది. నెల రోజులు ఊపేస్తది, ఆర్నెల్లకి ఎవరు గుర్తు పెట్టుకోరు. ఇంకోటి చెట్టు లాంటి పాట. బతుకమ్మ పాట, బోనాల పాట, మల్లన్న పాట, సమ్మక్క సారలమ్మ పాట, గణపతి పాట, పెళ్ళిల అప్పగింతల పాట. ఇవి ఏటేటా కాస్తయి. నేను ఎన్నడో వదిలిన బతుకమ్మ పాట ఉంది, మామూలు రోజుల్లో దాన్ని ఎవరు చూడరు, గ్రాఫ్ నేలకి ఆనుకొని పోతది, ఎంగిలిపూల నాటికి వారం ముందు నుంచి లేసుడు మొదలైతది, సద్దుల నాడు గుట్ట లెక్క అయితది, మళ్ళ దిగుతది. ప్రతి ఏడు ఇదే బొమ్మ. కొమురవెల్లి జాతర సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారం ఆదివారం నడుస్తది, మల్లన్న పాట గూడ ఆ వారాలల్లోనే లేస్తది. మేడారం రెండేండ్లకోసారి, 2024ల అయింది, 2026ల అయింది, ఆ పాటకి గూడ అదే లెక్కన రెండేండ్లకోసారి పంట.

అందుకని నా సలహా సూటిగా: ఒక్క పంట పాటలు అమ్మండి, మంచి రేటుకి అమ్మండి, ఛానలోళ్ళకి గూడ అవే కావాలి. చెట్టు పాటలు మాత్రం ఎంత ఇస్తమన్నా అమ్మకండి, చేతిల పైసల్లేక తప్పదంటే కౌలుకియ్యండి, మూడేండ్లకి మించి రాయకండి. పండుగ పాటని పండుగకి నెల ముందు వదలండి, వారం ముందు వదిలితే అప్పటికే డీజేలోళ్ళ పెన్‌డ్రైవ్‌లు నిండిపోయి ఉంటయి.

మీ సొంత పాటకి ఒరిజినల్ ప్రాజెక్ట్ ఫైల్, విడి విడి ట్రాకులు స్టూడియో దగ్గర వదిలెయ్యకుండ హార్డ్ డిస్క్‌లో తెచ్చుకోండి. మ్యూజిక్ చేసినాయనకి పైసలు ఇచ్చినప్పుడే ఒక చిన్న కాగితం రాపిచ్చుకోండి, పాట నడిచినాక అడిగితే దోస్తాన్ గూడ చెడుతది. కాపీరైట్ ఆఫీసుల రిజిస్టర్ చేసుకోవాలంటే సాహిత్యానికో ట్యూన్‌కో 500, రికార్డింగ్‌కి 2000 రూపాయల ఫీజు, ఆన్‌లైన్‌ల అయితది. ప్రతి పాటకి అవసరం లేదు, చెట్టు పాటలకి చేసుకోండి.

కూలి, అంటే ప్రోగ్రాములు

పైన చెప్పినయన్నీ నెమ్మదిగ వచ్చే పైసలు, ఈ నెల కిరాయి కట్టేది ప్రోగ్రామే. పెళ్ళిల సంగీత్, బరాత్, కాలేజ్ ఫెస్టులు, పొలిటికల్ మీటింగులు, గణపతి మండపాలు. ఆషాఢంల పెళ్ళిళ్ళు ఉండయి గాని బోనాలుంటయి, మూఢం వస్తే మాత్రం చేతులు ముడుచుకొని కూసోవాలి, ఆ రోజుల్లోనే నేను పాటలు రాసుకుంటా, రికార్డ్ చేసుకుంటా. బయానా సగం తీస్కోకుండ డేట్ ఇయ్యకండి, మిగిలింది స్టేజి ఎక్కకముందే, పాట అయిపోయినాక అడిగితే పెళ్ళోళ్ళు అన్నాల కాడ ఉంటరు. కోరస్ పిల్లలకి, డప్పు కొట్టేటోళ్ళకి అదే రాత్రి ఇచ్చెయ్యండి, వాళ్ళు మనకన్నా కష్టంల ఉన్నోళ్ళు.

అమెరికా తెలుగు సంఘాలోళ్ళు పిలిస్తే ఒకటి చూస్కోండి, విజిటర్ వీసా మీద పోయి పైసలు తీస్కొని పాడుడు కుదరదు, జానపద కళాకారులకి పీ-3 అని వేరే వీసా ఉంది, పిలిచినోళ్ళే దానికి పిటిషన్ వెయ్యాలి, నెలల ముందు మొదలుపెట్టాలి.

సినిమా ట్రాకులు పాడమంటే పోండి, కానీ దాన్నే నమ్ముకొని ఊరిడిచి కృష్ణానగర్‌ల రూము తీస్కోకండి. మంగ్లి టీవీ నుంచి, యూట్యూబ్ పండుగ పాటల నుంచి వచ్చి సినిమాకి పోయింది. 2023ల ఆస్కార్ స్టేజి మీద పాడిన రాహుల్ సిప్లిగంజ్ అంతకుముందు ఏండ్ల తరబడి సొంత పాటలు యూట్యూబ్‌ల వదిలినాయన. రామ్ మిర్యాల చౌరస్తా బ్యాండ్ నుంచి వచ్చిండు. ముగ్గురికీ సినిమా బయటి పాటలతోటి గూడ జనాల్లో పేరు వచ్చింది.

మొన్న సిరిసిల్ల దిక్కు నుంచి ఒక చెల్లె ఫోన్ చేసింది, డిగ్రీ రెండో సంవత్సరం, వాళ్ళమ్మ బీడీలు చుడతది. మూడు పాటలున్నయి అన్నది, ఒకటి లవ్ ఫెయిల్యూర్, ఒకటి డీజే, ఒకటి వాళ్ళ నాయనమ్మ పాడే బతుకమ్మ పాట. ఛానలోళ్ళు మూడు కలిపి అడుగుతున్నరట, బతుకమ్మది ఉంటేనే మిగతావి తీసుకుంటమన్నరట. అంటే వాళ్ళకి గూడ తెలుసు ఏది చెట్టో. డీజే పాట, లవ్ ఫెయిల్యూర్ పాట కొంచెం తక్కువకైనా ఇంకో ఛానల్‌కి ఇయ్యమని చెప్పిన, ఆ పైసల్లోంచే బతుకమ్మ పాట రికార్డింగ్ చేయించుకోమన్న, నాయనమ్మ పేరు సేకరణ కాడ పెట్టమన్న, వీడియోకి నాయనమ్మనే గడప మీద కూసోబెట్టి ఫోన్‌తోటి తియ్యమన్న. రికార్డింగ్‌కి మా రూముకే రమ్మన్న, వచ్చే ఆదివారం వస్తున్నరు, నాయనమ్మ గూడ వస్తదట.